సున్నానికి కులం లేదు, సున్నం పనికే ఉంది

సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. మెత్తటి రాయి కాబట్టి ఉలికి లొంగుతుంది. అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదే. మన ఇళ్లలో పరిచే తాండూరు బండలూ, సిమెంటుకు ముడిసరుకూ ఈ రాయే.

దీన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. 100 కిలోల శుద్ధమైన రాయికి వచ్చేది 56 కిలోలే. దానికి నీళ్లు తగిలితే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. పండక్కి వెల్లవేసిన గోడ మీద ఉండేది పలుచని రాతిపొర.

ఇదే సున్నం మాదిగల లందలోనూ ఉంది. సున్నపు నీళ్లలో తోలును కొన్ని రోజులు నానబెడితే వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి. గీకి, కడిగి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెడితే తోలు కుళ్లకుండా నిలుస్తుంది. ఎంత సున్నం, ఎన్ని రోజులు అన్నది తేడా వస్తే తోలు పాడవుతుంది. ఇది తరాలు చేతులతో నేర్చుకున్న రసాయనశాస్త్రం. కానీ తాంబూలంలో సున్నం మంగళకరమైంది, లందలో సున్నం మైల అయింది. రెండుచోట్లా పదార్థం ఒక్కటే. మైల అన్నది సున్నం గుణం కాదు, కులం పెట్టిన పేరు.

ఈ తేడా నేటికీ పోలేదు. తడిసున్నం మీదుగా క్లోరిన్ వాయువును పంపితే బ్లీచింగ్ పౌడర్ తయారవుతుంది. వీధుల్లో, మురుగు కాలువల పక్కన దాన్ని చల్లేది పారిశుద్ధ్య కార్మికులు. వారిలో దళితులే ఎక్కువ. చాలాచోట్ల చేతులకు తొడుగులుండవు.

సున్నం ఘాటైన క్షారం. తడి చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిన వెంటనే కనీసం 20 నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. పొడిసున్నం తడిపేటప్పుడు నీళ్లలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, సున్నం కుప్ప మీద నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్‌ను యాసిడ్‌తో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. మరుగుదొడ్లు కడిగే ప్రతి ఒక్కరికీ ఈ మాట తెలియాలి.

తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు, కడుక్కోవడానికి నీళ్లు ఇవ్వడం ఎవరి దయా కాదు. పని ఇచ్చినవాళ్ల బాధ్యత. మీ ఊళ్లో, మీ హాస్టల్లో బ్లీచింగ్ చల్లే మనిషి చేతులకు ఏముందో ఒకసారి చూడండి. ఏమీ లేకపోతే అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.