మాదన్న నెత్తిన పడ్డ నేరం

గోల్కొండ ఎందుకు కూలిందని అడిగితే మొఘలు ఆస్థాన చరిత్రకారులు ఒక మనిషి వైపు వేలు చూపించారు. సుల్తాను అబుల్ హసన్ తానీషా పెత్తనమంతా మాదన్న అనే బ్రాహ్మణుడికి అప్పగించాడట, ఆ మంత్రి మరాఠాలతో చేయి కలిపాడట, రాజ్యం మునిగిందట. గెలిచినవాడి కొలువులో కూర్చుని రాసిన ఈ తీర్పు మూడు వందల ఏళ్లుగా చేతులు మారుతూ వస్తోంది. అసలు తారీఖులను వరసగా పెట్టి చూస్తే అది నిలవదు.

సిద్దిపేటకు తూర్పున ఉన్న హనుమకొండ ప్రాంతం మాదన్నది. ఆయన కత్తి పట్టి పైకొచ్చినవాడు కాదు, లెక్కల పుస్తకం పట్టి వచ్చినవాడు. సయ్యద్ ముజఫర్ కొలువులో రాతకోతలు, జమాఖర్చులు చూసేవాడు. 1672లో అబుల్ హసన్‌ను గద్దెనెక్కించిన అమీరుల్లో ముజఫర్ ముఖ్యుడు. కొద్దికాలానికే ఆ యజమానినే పక్కకు తప్పించి మాదన్న ప్రధాని అయ్యాడు. ఇందులో కృతజ్ఞత వెతికితే దొరకదు. కానీ ఏ పరగణా నుంచి ఎంత శిస్తు రావాలో, మధ్యలో ఎవరి చేతికి ఎంత అంటుకుంటోందో తెలిసినవాడిని వదులుకోవడం ఏ సుల్తానుకైనా కష్టమే. సోదరుడు అక్కన్నకూ పెద్ద పదవి దక్కింది.

1685లో మొఘలు యువరాజు షా ఆలం సైన్యం హైదరాబాదును కొల్లగొట్టింది. అంతకుముందే గోల్కొండ సేనాని మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో కలిసిపోయాడు. తానీషా గోల్కొండ కోటలోకి పారిపోయాడు. సంధి షరతుల్లో కప్పంతో పాటు అక్కన్న, మాదన్నలను తొలగించాలన్నది ఒకటి. 1686 మార్చిలో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండ వీధిలోనే నరికి, తలలను మొఘలులకు పంపారు. నేరమంతా మాదన్నదే అయితే కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. 1687 మొదట్లో ఔరంగజేబు మళ్లీ వచ్చి ముట్టడి వేశాడు. దాదాపు ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబరులో, లోపలి సర్దారు ఒకడు తలుపు తీయడంతో కోట పోయింది. ఈ మధ్యలోనే, 1686 సెప్టెంబరులో, బీజాపూరూ కూలింది. అక్కడ మాదన్న లేడు కదా! దక్కన్‌ను మింగాలని చక్రవర్తి ముందే నిశ్చయించుకున్నాడు. వజ్రాల గనులూ మచిలీపట్నం రేవూ ఉన్న రాజ్యాన్ని ఏ మంత్రి ఉన్నా వదిలేవాడు కాదు.

బంధుప్రీతి మాటేమిటని అడగొచ్చు. నిజమే, ఆయన మేనల్లుళ్లకు కొలువులు దక్కాయి. వాళ్లలో పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, ఒకడు. శ్రీరామనవమి పందిళ్లలో ఆ రామదాసు కీర్తనలు పాడుకునే మనకు ఆయన మేనమామ అంతగా గుర్తుకురాడు. అయితే ఆ కాలపు తురుష్క, పర్షియా అమీరులు కూడా తమవాళ్లనే తెచ్చుకున్నారు. ఆ పని తెలుగువాడు చేసినప్పుడే అది కుట్రగా కనిపించింది. అలాగని ఆయనను హిందూ రాజ్య స్థాపకుడిగా నిలబెట్టడమూ పొసగదు. జీవితమంతా ఒక ముస్లిం సుల్తాను ఖజానా నింపడానికే పనిచేసిన మనిషి. ఆయనపై నిలిచే అభియోగం మరొకటుంది. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు కర్ణాటక దండయాత్రకు డబ్బూ ఫిరంగులూ ఇచ్చారు. గెలిచిన భూమిలో వాటా మాత్రం గోల్కొండకు రాలేదు. లెక్కల మనిషి వేసిన ఆ లెక్క తప్పింది.

ఇలా నింద మోసిన మంత్రి మాదన్న ఒక్కడే కాదు. జపాను కొలువులో సుగవార నో మిచిజానె కూడా పండితుడిగా ఎదిగిన మంత్రే. ఫుజివార వంశస్థుల ఆరోపణతో 901లో దజైఫుకు వెళ్లగొట్టారు, 903లో అక్కడే చనిపోయాడు. తర్వాత రాజధానిపై వరసగా కీడులు పడితే, అవి ఆయన ఆగ్రహమేనని జడిసిన కొలువు పోయిన హోదాను తిరిగి ఇచ్చింది, చివరకు ఆయన దేవుడయ్యాడు. తప్పు దిద్దుకోవడానికి అక్కడ ఒక కొలువు మిగిలింది. గోల్కొండలో మాదన్న హత్య తర్వాత ఏడాదిన్నరకే కొలువు లేదు. దౌలతాబాదు ఖైదులో ఉన్న సుల్తాను ఏం చెప్పుకున్నా రాసిపెట్టే గుమాస్తా లేడు.