నికాహ్, ప్రత్యేక వివాహ చట్టం: ఒక తీర్పుపై వివరణ

స్వలింగ వివాహాల వ్యాజ్యం సుప్రీంకోర్టులో నడిచిన 2023లో నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మన సోదరులు కొందరు కలవరపడి ఒక ప్రశ్న అడిగారు: రేపు ఖాజీ సాహెబుల చేత ఇటువంటి నికాహ్ కూడా చదివిస్తారా? తెలుగులో 'పెళ్లి' అనే ఒకే మాట రెండు వేర్వేరు విషయాలకు వాడుకలో ఉండటమే ఈ కలవరానికి మూలం.

షరీఅత్ దృష్టిలో నికాహ్ ఈజాబ్, ఖబూల్‌లతో కుదిరే ఒడంబడిక. అది స్త్రీ పురుషుల మధ్యనే అన్న విషయంలో నాలుగు మజ్‌హబ్‌లలోను, షియా ఫిఖ్‌హ్‌లోను భేదాభిప్రాయం లేదు. కాని హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తదితరులు వేసిన వ్యాజ్యం దీని గురించి కాదు. మతంతో నిమిత్తం లేకుండా రిజిస్ట్రారు ఎదుట జరిగే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించి. వ్యక్తిగత చట్టాల జోలికి పోబోమని న్యాయస్థానం విచారణ ఆరంభంలోనే చెప్పింది.

తీర్పు 2023 అక్టోబరు 17న వెలువడింది. వివాహం ప్రాథమిక హక్కు కాదనీ, చట్టంలోని మాటలను మార్చే పని న్యాయస్థానానిది కాదనీ ఐదుగురు న్యాయమూర్తులూ అంగీకరించారు. వివాహం కాకున్నా అటువంటి జంటల సహజీవనానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలా అన్న చోట మాత్రం వారు ముగ్గురు, ఇద్దరుగా చీలిపోయారు. అధికసంఖ్యాకులు ఇవ్వలేమన్నారు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడా కొట్టివేయబడ్డాయి. గమనించవలసిందేమంటే, ఏ మతగ్రంథమూ ఈ తీర్పుకు ఆధారం కాలేదు.

అయితే జమీయతె ఉలమాయె హింద్, తెలంగాణ మర్కజీ షియా ఉలమా కౌన్సిల్ ఈ వ్యాజ్యాన్ని వ్యతిరేకిస్తూ న్యాయస్థానానికి వెళ్లాయి. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. 1985లో షాబానో కేసులో న్యాయమూర్తులు దివ్య ఖుర్ఆన్ వాక్యాలకు అర్థం చెప్పినప్పుడు, అది మీ పని కాదని మన ఉలమాలే గట్టిగా అన్నారు. మన షరీఅత్‌ను మనకు వదలండని కోరేవారు, మతం అడగని చట్టంలో మాత్రం మత విశ్వాసాన్ని నిలపమని కోరవచ్చునా? కోరితే, రేపు మరొక మతంవారి విశ్వాసం మన వారసత్వ చట్టంలోకి వచ్చినప్పుడు ఏ ముఖంతో కాదంటాము? ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరిలో అమలులోకి వచ్చింది కనుక ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. హరామ్‌ను హరామ్ అని చెప్పడం ఉలమాల బాధ్యత. రాజ్యం చేత చెప్పించడం వేరే సంగతి.

మనవారు ఈ చట్టం గురించి అడగవలసిన ప్రశ్న నిజానికి మరొకటి ఉన్నది. దాని కింద పెళ్లి చేసుకున్న ముస్లిం ఆస్తి షరీఅత్ వాటాల ప్రకారం కాక, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పంపిణీ అవుతుంది. రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకం పెట్టే ముందు ఈ సంగతి తెలిసినవారు బహు తక్కువ.