ఐటీలో ఆడవాళ్లకు వేరే వేదిక ఎందుకు?

చాదర్‌ఘాట్ చౌరస్తా నుంచి కోఠి వైపు కాస్త దూరం నడిస్తే చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం వస్తుంది. 1924లో మహిళా కళాశాలగా పుట్టిన ఈ సంస్థ, స్వాతంత్ర్యం వచ్చాక పాత బ్రిటిష్ రెసిడెన్సీలోకి మారింది. 1800ల మొదట్లో ఆ భవనాన్ని కట్టించిన రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్, హైదరాబాద్‌లో పేరున్న కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమెది ఘోషా. ముందువైపు వచ్చి ఆ మెట్లు, స్తంభాలు చూసే వీల్లేదు కనుక, జనానా తోటలో ఆ భవనానికే చిన్న నమూనా ఒకటి ఆమె కోసం కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఆవరణలో ఉంది.

మగవాళ్లకు ప్రవేశం లేని చోట్లన్నీ ఒకటి కావని చెప్పడానికి ఈ ఒక్క ఆవరణ చాలు. జనానా స్త్రీని లోపలే ఉంచింది. కళాశాల ఆమెను చదివించి ఉద్యోగాలకు పంపింది. కో-ఎడ్యుకేషన్‌కు ససేమిరా అన్న ఇళ్ల నుంచి కూడా ఎందరో అమ్మాయిలు పట్టా అందుకున్నది ఇలాంటి కాలేజీల్లోనే. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ చేస్తున్నదీ ఆ పనే.

ఇప్పుడు వాదన హైటెక్ సిటీకి చేరింది. పెద్ద ఐటీ కంపెనీల్లో మహిళా ఉద్యోగుల ఫోరాలున్నాయి. అమ్మాయిలకు మాత్రమే కోడింగ్ పోటీలు, శిక్షణలు జరుగుతున్నాయి. ప్రతిభకు ఆడ, మగ తేడా ఏమిటి, మాకు లేని సంఘం వాళ్లకెందుకు అని మగ సహోద్యోగులు కొందరు అడుగుతారు. మమ్మల్ని పక్కకు తీసి చూపిస్తే మా పనిని చిన్నచూపు చూస్తారని వెనకాడే ఆడవాళ్లూ ఉన్నారు. రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాల్సిందే.

ఈ వాదన మొదలై దాదాపు నలభై ఏళ్లయింది. 1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్‌పై జరిగిన ఒక పెద్ద సదస్సుకు వెళ్లిన అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త అనితా బోర్గ్‌కు, అక్కడ ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కనిపించారు. వాళ్లంతా కలిసి భోంచేసి, ఈమెయిల్ చిరునామాలు ఇచ్చిపుచ్చుకున్నారు. అలా పుట్టిన బృందం ‘సిస్టర్స్’. మగవాళ్లను చేర్చుకోకపోవడం వివక్ష కాదా అన్న ప్రశ్న ఆమెకూ ఎదురైంది. మగవాళ్లే నిండిన రంగంలో చెల్లాచెదురుగా ఉన్న ఆడవాళ్లకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలే లేదు, ముందు అది కావాలి అన్నది ఆమె వాదన. టెలీ విట్నీతో కలిసి 1994లో ఆమె మొదలుపెట్టిన గ్రేస్ హాపర్ సభ తర్వాత ప్రపంచంలోనే పెద్ద మహిళా టెక్నాలజీ వేడుకగా ఎదిగింది.

ఆ సభలోనే 2014లో మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల ఇబ్బందిలో పడ్డారు. మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్లకు ఏం చెబుతారని వేదిక మీద ఆయనను ఇంటర్వ్యూ చేస్తున్న మరియా క్లావే అడిగారు. అడగడం కన్నా వ్యవస్థను నమ్ముకోవడం మేలని, అడగకపోవడం మంచి కర్మ అని ఆయన అన్నారు. క్లావే అక్కడికక్కడే కాదన్నారు. జీతం గట్టిగా అడగక తాను నష్టపోయిన సంగతి చెప్పారు. అదే రోజు నాదెళ్ల తన జవాబు పూర్తిగా తప్పని, అర్హత ఉందనుకుంటే అడగాల్సిందేనని ఉద్యోగులకు రాశారు. ఇదే ప్రశ్నను ఒక అమ్మాయి తన అప్రైజల్ మీటింగ్‌లో ఒంటరిగా అడిగి ఉంటే అది ఆ గది దాటేది కాదు. వేల మంది ఆడవాళ్లు వింటున్న చోట అడిగారు కనుక ప్రపంచం మొత్తం చర్చించింది.

ఇలాంటి వేదికలకు చిక్కులూ ఉన్నాయి. లేఆఫ్‌లు జోరుగా సాగిన 2023లో ఆర్లాండోలో జరిగిన గ్రేస్ హాపర్ సభకు ఉద్యోగాల కోసం మగవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చి కంపెనీల స్టాళ్ల ముందు క్యూ కట్టారు. ఆడవాళ్లు నొచ్చుకున్నారు. మగవాళ్లను ఆపడానికి అమెరికా చట్టం ఒప్పుకోదని నిర్వాహకులు చెప్పారు. టెక్నాలజీ రంగంలోని ఆడవాళ్ల కోసం నడిచిన ‘ఉమెన్ హూ కోడ్’ సంస్థ మరుసటి ఏడాది నిధులు లేక మూతపడింది.

మన దగ్గర చట్టం దారి వేరు. లింగ వివక్ష కూడదని చెప్పిన రాజ్యాంగంలోని 15వ అధికరణే, మూడో క్లాజులో, మహిళలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ వెసులుబాటు ఉన్న దేశంలోనే తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న మహిళా వ్యాపారవేత్తల కోసం వీ హబ్‌ను ప్రారంభించగలిగింది. స్టార్టప్ పెట్టాలనుకునే మహిళకు శిక్షణ, సలహా, పెట్టుబడిదారులతో పరిచయం కల్పించడం దాని పని.

నిజానికి ఆడవాళ్ల వేదిక ఏం చేయగలదో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరగబడింది చదువుకోవడానికి ఒకచోట చేరిన ఆడవాళ్లే. ఆ జిల్లాలోనే ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకో రూపాయి దాచే సంఘాలు వచ్చాయి. తర్వాత ఊరూరా డ్వాక్రా గ్రూపులు వెలిశాయి. వాటిలో మగవాళ్లు లేరేమిటని ఎవరూ నిలదీయలేదు. చేతిలో పైసా లేని ఆడవాళ్లకు బ్యాంకు మెట్లు ఎక్కే ధైర్యం ఆ సంఘాల వల్లే వచ్చిందని అందరికీ తెలుసు.

అయితే డ్వాక్రా సంఘం బ్యాంకు దాకా వెళ్లింది. ఐటీ కంపెనీల ఫోరం అలా ఎక్కడి దాకా వెళుతోంది? చాలా చోట్ల మార్చి 8న గులాబీ పువ్వు, కేక్, గ్రూప్ ఫోటో, ఒక ప్రసంగంతో సరిపెడుతున్నారు. ఆ ఏర్పాట్లు కూడా ఆడవాళ్లే, తమ పని మానుకోకుండా, అదనంగా చేసిపెట్టాలి. ఏడాది చివర రేటింగ్‌లో ఆ శ్రమకు లెక్క ఉండదు. జీతాలు, ప్రమోషన్లు, ఆన్‌సైట్ అవకాశాలు తేల్చే గదిలో మాత్రం ఫోరం తరఫున ఎవరూ ఉండరు. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే మాట్లాడుకుంటే అధికారం ఉన్నవాళ్ల చెవిన ఎవరు వేస్తారన్న విమర్శలో బలం ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ ధాటిగా మాట్లాడే సీనియర్లదే పైచేయి అయి, జిల్లాల నుంచి వచ్చిన ఫ్రెషర్ వెనక వరుసలోనే ఉండిపోతోందన్న మాటా తోసిపుచ్చలేనిదే.

అందుకని సంఘాలే వద్దనడం సరికాదు. రాత్రి షిఫ్టు భయం, ప్రసూతి సెలవు తర్వాత చేజారిన ప్రాజెక్టు, మేనేజర్ వెకిలి మాట లాంటివి మొదటిసారి నోరు విప్పి చెప్పుకోవడానికి మగవాళ్లు లేని చోటు కావాలి. అక్కడ తేలిన సమస్యను పరిష్కరించడానికి మగవాళ్లున్న చోటే కావాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా సంఘం పేరుకే మిగులుతుంది.

మీ కంపెనీలో మహిళా ఫోరం ఉంటే ఈసారి సమావేశంలో మూడు లెక్కలు అడగండి. నిరుడు ప్రమోషన్లు పొందినవారిలో ఆడవాళ్లు ఎందరు? ప్రసూతి సెలవు తర్వాత ఉద్యోగంలో నిలిచినవాళ్లు ఎందరు? జీతాలు నిర్ణయించే కమిటీలో ఎందరున్నారు? మేనేజర్ కుర్చీలో ఉన్న మగవాళ్లు అడిగించుకోకుండానే ఆ లెక్కలు ముందు పెట్టాలి.