పులి దారిలో పంచాయతీ

అడవి ఎంత పెద్దదైనా, చుట్టూ పొలాలూ రోడ్లూ కమ్ముకున్నాక అది వన్యప్రాణులకు దీవిగా మారుతుంది. ఆ దీవిలో మిగిలిన కొద్ది జంతువులు తరతరాలుగా తమలో తామే జతకట్టడంవల్ల జన్యువైవిధ్యం, అంటే ఒకే జాతి జీవుల మధ్య వారసత్వంగా వచ్చే తేడాల సంపద, తరిగిపోయి రోగాలను తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. రెండేళ్ల వయసు వచ్చిన మగపులి తల్లి తిరిగే తావు విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది కనుక, ఒక అడవిని మరో అడవితో కలిపే నడవ, శాస్త్ర పరిభాషలో కారిడార్, దానికి ప్రాణావసరం.

దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న నల్లమల నుంచి దక్షిణంగా లంకమల కొండల మీదుగా, పెన్నా లోయ దాటి శేషాచలం చేరే దారి అటువంటి నడవే. పులుల కారిడార్లను ఇతర అవసరాలకు మళ్లించకుండా వన్యప్రాణి సంరక్షణ చట్టం కట్టడి విధిస్తున్నా, అడవికి అడవికి నడుమ ఊళ్లున్న చోట దారి నిలవడం, తెగడం చాలావరకు చిన్న చిన్న నేలల మీద ఆధారపడి ఉంటుంది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మేత పోరంబోకులు, తోపులు, శ్మశానాలు గ్రామ పంచాయతీకే దఖలు పడ్డాయి. రాత్రిపూట వాగు వెంట దిగే జంతువుకు ఇరువైపులా ఉన్న పొదలే మరుగు. ఆ పొదలు కొట్టేసి, గట్టులేని నేలబావిని అలాగే వదిలి, అడవిపందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగితే, పటంలో ఎంత వెడల్పుగా కనిపించే నడవైనా అక్కడితో ముగిసినట్టే.

బీడు అని తీసిపారేసే నేల విలువను కలివికోడి చాటిచెప్పింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో లంకమల ప్రాంతపు ముళ్లపొదల మధ్య మళ్లీ దొరికింది. దానికి కావలసింది పొదలూ వాటి నడుమ ఖాళీ నేలా కనుక, పచ్చదనం పేరుతో అక్కడ దట్టంగా మొక్కలు నాటినా ఆ ఆవాసం పాడవుతుంది.

ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచాలని, ఊరి జీవజాలాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టమూ దాని నియమాలూ చెబుతున్నాయి. అయితే పటంలో కొండల మీదుగా నడవగా గీసిన గీత ఒక్కటే సర్పంచికి అక్కరకు రాదు. ఆ గీత ఏయే సర్వే నంబర్ల గుండా పోతుందో తెలిస్తేనే లేఅవుటుకో క్వారీకో దరఖాస్తు వచ్చిననాడు అభ్యంతరం చెప్పడానికి వీలవుతుంది. అటవీశాఖ ఆ నంబర్లను పంచాయతీల చేతికి అందించాలి. ఏ వాగు వెంట ఏ జంతువు నీళ్లకు దిగుతుందో తమ ఊరి రిజిస్టరులో రాసి ఉందా అని గ్రామస్థులు వచ్చే గ్రామసభలోనే అడగాలి.