వ్రేళ్ల పగుళ్లు – కారణములు, చికిత్స, నివారణ

చేతికి కాయలు కాచుట కష్టజీవికి గౌరవమని మనవారు చెప్పుకొందురు. కాని ఆ కాయయే ఎండి, చీలి, నెత్తురు కారినపుడు కొడవలి పట్టుటకును పాలు పితుకుటకును చేయి సాగదు. కోతల కాలమున బొటనవ్రేలును చూపుడువ్రేలును పగిలినవాడు నాలుగు దినములు పనికి దూరమగును. ఇంత చిన్న బాధకై వైద్యునొద్దకు పోవుటకు సిగ్గుపడి, ఏదో ఒకటి పూసికొని, పగులును పుండుగా మార్చుకొనువారు అనేకులు. కావున ఈ మాసమున ఈ విషయమును సభ్యులకు వివరింప తలచితిమి.

మొన్నటి చలికాలమున ఒక ఉదయము మేము హైదరాబాదులోని చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టునకు పోయియుంటిమి. అచట ఆకుకూరల మోపులు దింపుచున్న మన సభ్యులలో ఒక పెద్దాయన వ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని కనబడెను. ఆయన కుమారుడు సమీపమందలి అశోక్‌నగరులో గది తీసికొని ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్నాడు. పగలెల్ల నగర కేంద్ర గ్రంథాలయమున గడపును. ఆదివారములందు మిత్రులతో నగరపు శివార్లకు పోయి బండలనెక్కుట అభ్యసించును. ఆనాడు తండ్రికి సాయము వచ్చిన ఆ చిన్నవాని వ్రేళ్ల కొనలును అదే విధముగ చీలియుండెను. "అయ్యా, నేను మట్టిలో తెచ్చుకొంటిని, వీడు రాతి మీద తెచ్చుకొన్నాడు. బాధ మాత్రము ఒక్కటే" అని తండ్రి నవ్వెను. తండ్రి కిరసనాయిలు పూయుచుండెను. కొడుకు అంగడి జిగురుతో పగులు నంటించుచుండెను. రెండును పొరపాటు పనులే యని వారికి చెప్పితిమి. ఆ చెప్పిన మాటలనే ఇచట వ్రాయుచున్నాము.

బండలనెక్కుట పనిలేనివారి వినోదమని తోసివేయరాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ భువనగిరి కోటబండ మీద ఆరోహణము నేర్చి, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. మన పిల్లలలో ఈ విద్యయందు ఆసక్తి పెరుగుట సంతోషకరము. అయితే ఈ ప్రాంతపు బండ మిక్కిలి గరుకైనది. హైదరాబాదు చుట్టునున్న నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. వాని ఉపరితలమున పొడుచుకొని యుండు స్ఫటికపు పలుకులు ఉక్కుకత్తిని సైతము గీయగలిగినంత కఠినమైనవి. దేహభారమంతయు వ్రేళ్ల కొనలపై మోపి వానిని పట్టుకొనినపుడు చర్మము ఆకురాయి క్రింద పడినట్లగును.

ఇక పగులు ఏల కలుగునో చూతము. మన చర్మమునకు పైపొర మృతకణములతో కూడినది. రాపిడి కలిగినచోట దేహము తన రక్షణకై ఆ పొరను దళసరి చేయును. అదియే కాయ. కాయ మంచిదే, కాని దళసరి పొర తడి యున్నంతవరకే వంగును. తడి తగ్గినచో పెళుసై, వ్రేలు ముడిచినపుడు కీళ్ల మడతలయందును కొనలయందును చీలును. దేహమునందలి ఇతర భాగముల చర్మమునకు సహజముగ నూనె నూరించు గ్రంథులు కలవు. అరచేతికిని అరికాలికిని అవి లేవు. అందుచేతనే ఈ రెండు చోట్ల పగుళ్లు మెండు.

నూనె రాచినంతమాత్రమున కాయ మెత్తబడునని చాలమంది నమ్మకము. 1952లో అమెరికాలో బ్లాంకు అను శాస్త్రజ్ఞుడు ఎండిన కాయముక్కలను నూనెలలో నుంచి చూడగా అవి మెత్తబడలేదు. నీటి తడి తగిలినంతనే మెత్తబడెను. కనుక చర్మమును మెత్తపరచునది నీరు. ఆ నీరు ఆవిరిగా పోకుండ కావలి కాయునది నూనె. ఈ మాట కర్షకునకు క్రొత్త గాదు. రేగడినేల తడి యున్నపుడు ఒక్క ముద్దగా నుండి, ఎండినపుడు కాలు దిగునంత బీటలు వారును. బీటలు వారిన నేలపై ఎండుటాకులు కప్పినచో ప్రయోజనము లేదు. తడి పెట్టి, పిమ్మట కప్పినచో పదును నిలుచును. చేతికిని ఇదే న్యాయము.

చర్మపు తడిని హరించునవి పెక్కు కలవు. కార్తీకము మొదలు మాఘము వరకు వీచు పొడిగాలి, బట్టల సబ్బు, సున్నము, సిమెంటు, ఎరువుల పొడి వీనిలో ముఖ్యములు. మాటిమాటికి నీటిలో చేతులు ముంచి, తుడువక గాలికి ఆరబెట్టుటయు చెరుపే. ఆకుకూరలపై దినమంతయు నీరు చల్లుచుండు వర్తకుల చేతులు పగులుటకు ఇదియే హేతువు. బండలనెక్కువారు చెమట పీల్చుటకై చేతులకు మెగ్నీషియం కార్బొనేటు అను తెల్లని పొడి రాచుకొందురు. అది చెమటతోపాటు చర్మపు తడిని గూడ పీల్చును.

చికిత్సాక్రమ మిది:

1. రాత్రి పరుండబోవునపుడు చేతులను మెత్తని స్నానపు సబ్బుతో కడిగి, గోరువెచ్చని నీటిలో పది నిమిషములుంచవలెను. వేడినీరు పనికిరాదు.

2. పగులునకు ఇరుప్రక్కల గట్టుగా లేచిన ఎండుచర్మమును కాళ్లు తోముకొను రాతితోనైనను సన్నని గరుకు కాగితముతోనైనను మెల్లగా రుద్ది చదును చేయవలెను. ఆ గట్లు ఉన్నంతకాలము ప్రతి కదలికకును పగులు మరల విచ్చును. బ్లేడుతో కోయరాదు. నెత్తురు వచ్చువరకు రుద్దరాదు.

3. మెత్తని గుడ్డతో అద్ది, చేయి ఇంకను చెమ్మగా నుండగనే వేసలీను వంటి పెట్రోలియం జెల్లీని దట్టముగ పూయవలెను. అది దొరకనిచో నాలుగు పాళ్లు నువ్వులనూనెలో ఒక పాలు తేనెమైనము కరగించి చల్లార్చిన లేపనము వాడవచ్చును. పైన పలుచని నూలు చేతితొడుగులు తొడిగి పరుండవలెను.

4. పగటివేళ పనికి పోవునపుడు శుభ్రము చేసిన పగులుపై అంటుపట్టీ బిగుతు కాకుండ చుట్టవలెను. పని ముగియగానే తీసివేయవలెను. పగులు మూయువరకు బండలనెక్కుట మానవలెను.

పగులు మూసినపిదప, నూటికి పది మొదలు ఇరువది పాళ్లు యూరియా గల లేపనము మందుల అంగళ్లలో దొరకును. అది కాయను మెత్తపరచును. యూరియా చర్మమునందు సహజముగనే యుండు పదార్థము. అట్లని పొలమున చల్లు యూరియా బస్తానుండి పిడికెడు తీసి నీట కలిపి రాచుకొనరాదు. అది మందుగా శుద్ధిచేయబడినది కాదు.

చేయరాని పనులను గూడ చెప్పవలెను. కిరసనాయిలు ఉన్న కొద్దిపాటి జిడ్డును కడిగివేయును. సున్నము మాంసమును తినివేయును. బండి కందెనలో నేమేమి మురికి చేరియుండునో ఎవరికి తెలియును? జిగురు విషయము వేరు. 1998లో అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ శస్త్రవైద్యమునకు ఆమోదించిన జిగురును, అంగడిలో చెప్పులంటించుటకు అమ్ము జిగురును ఒకే జాతివైనను ఒకటి కావు. రెండవది చర్మమును మండించును. అది నూలుబట్టకు తగిలినచో కాలునంత వేడి పుట్టును. మురికి పగులుపై జిగురు వేయుట శత్రువును లోపలనుంచి తలుపు మూయుట వంటిది.

పగులు చుట్టును ఎఱ్ఱబడి వాచినను, చీము పట్టినను, సలుపు పోటు కలిగినను, ఎఱ్ఱని చార మణికట్టువైపు ప్రాకినను, జ్వరము వచ్చినను ఆలసింపక వైద్యుని చూడవలెను. మధుమేహము గలవారు చర్మమును తాము రుద్దుకొనక మొదటనే వైద్యుని సలహా పొందవలెను. రెండు వారములు పై విధముగ చేసినను మానని పగులునకు శిలీంధ్రముగాని, సిమెంటు, వయ్యారిభామ మొక్క వంటివానివలన కలుగు దురదవ్యాధిగాని కారణమై యుండవచ్చును. అట్టిదానికి నూనె చాలదు.

వీనికంటె భయంకరమైనది ధనుర్వాతము. దాని క్రిములు మట్టియందును పేడయందును ఉండును. మనము దినమును చేతులు పెట్టునవి ఆ రెండే. నారాయణగూడయందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ టీకాలకు పేరొందిన సంస్థ. కుక్క కరచినచో జనులు అచటికి పరుగెత్తుదురు. కాని వ్రేలు పగిలినపుడు తాము ధనుర్వాతపు సూది ఎప్పుడు వేయించుకొంటిమని తలచువారు అరుదు. పదేండ్లకొకమారు ఆ సూదిమందు వేయించుకొనవలెను. గాయము లోతై మట్టి చేరినదైనచో, కడపటి సూది వేయించుకొని ఐదేండ్లు దాటినవారు మరల వేయించుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములందు గూడ ఇది లభించును.

నివారణము చికిత్సకంటె సులభము. పనినుండి వచ్చినతోడనే మట్టిని, పొడిని, సిమెంటును కడిగివేసి, తుడిచి, వెంటనే లేపనము రాయవలెను. వారమునకొకమారు కాయలను చదును చేయవలెను. ఎరువు, సున్నము, సిమెంటు ముట్టునపుడు చేతితొడుగులు ధరింపవలెను. బండలనెక్కువారు వరుస దినములందు ఎక్కక నడుమ విశ్రాంతి నియ్యవలెను. పైచర్మము క్రొత్తదగుటకు సుమారు నాలుగు వారములు పట్టునని మరువరాదు. ఎక్కుటకు ముందు చేతికి జిడ్డు ఉండరాదు గనుక లేపనము ముందటి రాత్రియే రాయవలెను.

మరుసటి మాసము చిక్కడపల్లిలో ఆ పెద్దాయన మరల కనబడెను. వ్రేళ్లకు పీలికలు లేవు. "కుర్రవాడు రాత్రి మరచిపోయినచో ఫోను చేసి జ్ఞాపకము చేయుచున్నాను" అనెను. ఆయన చేతులు మాత్రము అప్పటివలెనే కాయలు కాచియున్నవి, కాని వంగుచున్నవి. మనకు కావలసినదియు అంతియే. సంఘపు విక్రయశాలయందు విత్తనములు, ఎరువులతోపాటు చేతితొడుగులను, లేపనపు డబ్బాలను గూడ చలికాలమునకు ముందే తెప్పించి యుంచవలసినదిగా కార్యవర్గము వారిని కోరుచున్నాము.