పూతరేకుల వల్ల వచ్చిన షుగరు కాదమ్మా

ఆత్రేయపురం వైపు నుంచి ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ బాబును మా పిల్లల వార్డుకు తీసుకువచ్చింది. మూడు వారాలుగా చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నాడట. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. చొక్కాలు వదులయ్యాయి. ఆ రోజు వాంతులు, ఆయాసం, నోట్లోంచి మగ్గిన పండు వాసన. సెలైను, ఇన్సులిను పెట్టాక మూడో రోజుకు లేచి కూర్చున్నాడు. అప్పుడు ఆ తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి, "మాది పూతరేకులు చుట్టే ఇల్లండి. విరిగిన ముక్కలన్నీ వీడే తినేవాడండి. నేనే చేతులారా తెచ్చిపెట్టానాండి?" అని అడిగింది. అత్తగారు అప్పటికే ఆ మాట అనేసిందట.

కాదని గట్టిగా చెప్పాము. ఎందుకో మీకూ తెలియాలి.

జీర్ణాశయం వెనుక క్లోమగ్రంథి ఉంటుంది. అందులో చిన్న చిన్న కణాల గుంపులను 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి గుర్తించాడు. వాటిని లాంగర్‌హాన్స్ దీవులంటారు. మన గోదావరి లంకల్లాంటివే అనుకోండి. అక్కడి బీటా కణాలే ఇన్సులిను తయారుచేస్తాయి.

రోగం వచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లను సైటోకైన్లంటారు. జలుబుకు జ్వరం తెప్పించేవి ఇవే. టైప్ 1 మధుమేహంలో తెల్లకణాలు పొరబడి సొంత బీటా కణాల మీదికే వెళతాయి. గామా ఇంటర్‌ఫెరాన్ బీటా కణం పైన గుర్తులను పెంచి, చంపే కణాలకు దాన్ని పట్టిస్తుంది. ఇంటర్ల్యూకిన్-1, టి.ఎన్.ఎఫ్. దానికి తోడైతే కణం లోపల నైట్రిక్ ఆక్సైడ్ వంటి హానికర పదార్థాలు పుట్టి, శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. వీటిని విరిచే ఎంజైములు బీటా కణాల్లో అసలే తక్కువ. ముందు ఇన్సులిను తగ్గుతుంది, తరువాత కణమే చనిపోతుంది. ఇదంతా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. ఇందులో బెల్లం పాత్ర లేదు.

కొన్ని కణాలు చావవు, సొమ్మసిల్లి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిను అందగానే తేరుకుని కొన్నాళ్ళు మళ్ళీ పనిచేస్తాయి. సూదిమందు మోతాదు బాగా తగ్గిపోతుంది. మాకు భయం ఇక్కడే. "నయమైపోయిందండి" అని మందు మానేసి ఆకు పసరు పట్టిస్తారు. ఒక పాపను అలాగే స్పృహ లేకుండా మోసుకొచ్చారు. దక్కింది గానీ, ఆ రాత్రి మా డ్యూటీ నర్సులెవరూ కూర్చోలేదు.

పెద్దల షుగరు వేరు. 2006లో ప్రచురించిన ఒక సర్వేలో గోదావరి ప్రాంతపు పల్లెల్లో 30 ఏళ్ళు దాటినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉందని తేలింది. అందులో ఎక్కువ భాగం టైప్ 2. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కూడా ఈ సైటోకైన్లనే కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. పెద్దలను బరువు తగ్గమని పోరడానికి అదొక కారణం.

అత్తగారిని కూడా కూర్చోబెట్టి ఇదంతా చెప్పాము. ఆవిడ విని, "మరి ఆ తెల్లకణాలకి బుద్ధి చెప్పే మందు లేదాండి?" అంది. మంచి ప్రశ్నే. టెప్లిజుమాబ్ అనే మందుకు 2022 నవంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. వ్యాధి బయటపడబోతున్నవారిలో అది రెండేళ్ళ వరకూ వాయిదా వేయగలిగింది. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే గోలిముమాబ్, ఇంటర్‌ఫెరాన్ కబురును ఆపే బారిసిటినిబ్ కొత్త రోగుల్లో మిగిలిన కణాలను కొంతకాలం కాపాడాయని 2020, 2023లలో పరిశోధనలు వచ్చాయి. ఇంటర్ల్యూకిన్-1 ఒక్కదాన్నే అడ్డుకుంటే మాత్రం ఫలితం కనిపించలేదు. ఇవేవీ ఇన్సులినుకు బదులు కావు.

వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. నీళ్ళు పోసిన పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, ఇన్సులిను సీసా తడవకుండా అందులో దాచడం నేర్పాము. ఇప్పుడు రోజూ ఆ నీళ్ళు మార్చేది అత్తగారేనట.