వేగము హెచ్చించినపుడు వణకెడు సరకుబండి

అల్లవరము ప్రాంతమున దింపు తీసిన కొబ్బరికాయ అంబాజీపేట మార్కెట్టునకు చేరవలెనన్నను, చెఱువున పట్టిన రొయ్య మంచు కరగకమునుపే కొనువారి యొద్దకు పోవలెనన్నను నేడు రైతునకు చిన్న సరకుబండియే యాధారము. 2005వ సంవత్సరమున టాటా ఏస్ వెలువడినది మొదలు ఇట్టి బండ్లు పల్లెలలో విస్తరించినవి. అంతకు పెద్దవైన బొలేరో పికప్పు వంటివియు పెక్కు వాకిండ్ల ముందు కానవచ్చుచున్నవి. కాయ నాలుగు దినములు నిలువయుండినను పాడుగాదు. రొయ్య యట్లుకాదు, త్రోవలో బండి నిలిచిపోయినచో ఆనాటి పట్టుబడి ధర రైతు కన్నులయెదుటనే దిగిపోవును.

ఈ బండ్లకు వచ్చు రోగములలో నొకదానిని గూర్చి మాత్రమే ఈ నెల వ్రాయుచున్నాము. నిలుకడగా పోవునపుడు బండి బాగుగనే యుండును. ఆక్సిలరేటరు త్రొక్కినతోడనే అడుగునుండి పైదాక వణకును. అపుడు ఒకరు నాజిళ్లు మార్చుమందురు, వేఱొకరు క్లచ్చి ప్లేటు మార్చుమందురు. రైతు అప్పుచేసి రెండును మార్పించును. వణకు మాత్రము వదలదు. ఏ వస్తువునైనను మార్చుటకు ముందు ఆ వణకు ఎప్పుడు పుట్టుచున్నదో కనిపెట్టుడని మా మనవి. దీనికి కానీ ఖర్చు లేదు.

మొదట బండిని నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరు న్యూట్రలున నుంచి, ఇంజను వేగమును మెల్లగా హెచ్చింపుడు. నిలిచియుండగనే వణకినచో దోషము ఇంజనునందో, దాని క్రింది రబ్బరు దిండ్లయందో యున్నది. నిలిచినపుడు వణకక, మొదటి గేరున కదలునపుడు మాత్రమే వణకి, క్లచ్చి పూర్తిగా వదలినంతనే మానినచో క్లచ్చిని అనుమానింపవలెను. ప్లేటునకు నూనె అంటినను ఇట్లే యగును. ఏ గేరుననైనను బండి ఒకానొక వేగమునకు వచ్చినపుడే వణకి, ఆక్సిలరేటరు వదలగనే తగ్గినచో అది ప్రొపెల్లరు షాఫ్టు సంగతి. వదలిన తరువాతను తగ్గక యట్లే యున్నచో టైర్లను, చక్రములను ముందు చూడుడు. ఇక బరువుతో వంతెన యెక్కునపుడు ఇంజను తడబడి, బలము తగ్గి, కుదుపులు కుదుపులుగా లాగినచో డీజిలు సరిగా అందుటలేదని యర్థము.

షాఫ్టును గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది, ఏలయన మన ప్రాంతమున దీనికి శత్రువులు మెండు. గేరుపెట్టెనుండి వెనుక యిరుసునకు ఇంజను బలమును చేర్చునది ఈ షాఫ్టే. దాని కొనలయందు క్రాసు అనబడు కీళ్లుండును. 17వ శతాబ్దమున ఇంగ్లండునందలి రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి కీలును గూర్చి వ్రాసియుండుటచేత నేటికిని దానిని హుక్ కీలని పిలుతురు. వంపున తిరుగునపుడు ఒక కీలు ప్రతి చుట్టునకును రెండుమాఱులు ముందునకు త్వరపడి, రెండుమాఱులు వెనుకబడును. రెండవ కీలు ఆ తేడాను సరిపుచ్చును. కమాను కట్టలు చదునగునట్లు కాయ నింపినచో ఇరుసు ఎత్తు మారి, వంపులు చెడి, ఆ సరిపుచ్చుట కుదరదు. ఖాళీగా పోవునపుడు లేని వణకు బరువుతో వచ్చినచో బండిని తప్పుపట్టకముందు బరువును తగ్గించి చూడుడు.

కీలులోపల సూదులవంటి ఉక్కు కడ్డీలు గ్రీజులో తిరుగుచుండును. ఓడలరేవు వైపు ఉప్పుగాలియు, చెఱువుగట్ల ఉప్పునీరును ముద్రరబ్బరులను దాటి లోనికి చొచ్చినచో గ్రీజు పోయి తుప్పు పట్టును. ఇంజను ఆపి, చక్రములకు ముందువెనుకల దిమ్మలు పెట్టి, షాఫ్టును కీలునకు ఇరువైపుల పట్టుకొని ఎదురెదురుగా త్రిప్పి చూడుడు. కీలునందే ఆట కనిపించినను, మూతల చుట్టు ఎఱ్ఱని పొడి రాలుచున్నను క్రాసు అయిపోయినట్లే. ఒక్క జాకీని నమ్మి బండిక్రింద దూరరాదు. ఆ కీలు పరుగున విఱిగినచో షాఫ్టు కొన జాఱి రోడ్డున గ్రుచ్చుకొనగలదు గనుక అట్టి బండిపై సరకు వేయకుండుటయే మేలు.

అంతకుముందు చేయదగిన చిన్న పని యొకటి కలదు. గట్లపై తిరిగిన బండికి నల్లని బంకమన్ను చక్రముల లోపలి అంచులను, షాఫ్టును అంటి యెండిపోవును. ఆ బరువు ఒకప్రక్క నుండుటచేతనే కొన్ని బండ్లు వణకును. మంచినీటితో శుభ్రముగ కడిగి, ఒకమాఱు నడిపి చూడుడు. ఎందఱు మెకానిక్కులు దీనిని ముందు చెప్పుదురో చదువరులే యెఱుగుదురు.

ఇక డీజిలు మాట. ఏరేటర్లకై, జనరేటర్లకై గట్టుమీద పీపాలలో నుంచిన డీజిలునే బండికిని పోయు వాడుక కొందఱికి కలదు. బయటనున్న పీపాలో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై అడుగున చేరును. వర్షపునీరు మూతప్రక్కనుండి దిగును. ఇప్పటి ఇంజనులు డీజిలును వాయుపీడనమునకు వేయిరెట్లను మించిన ఒత్తిడితో చిమ్మును. నీరు తగిలిన నాజిళ్లు తొందరగా అరిగిపోవును. పీపా అడుగున నాలుగంగుళములు వదలివేసి, పైదియే తోడుకొనుడు. ఫిల్టరు క్రింది మరను వదలు చేసి, వచ్చునది గాజుసీసాలో పట్టి కొంతసేపు కదలక యుంచినచో నీరు అడుగున వేఱుగ నిలుచును. నీరు పడినచో ఫిల్టరు మార్చి, చేతిపంపుతో గాలి తీసివేయుడు. పెక్కు సందర్భములలో ఇంతటితోనే సరిపోవును. 2020 ఏప్రిలు మొదలు అమ్మబడిన బి.ఎస్.-6 బండ్లలో ఎదుట హెచ్చరిక దీపము వెలిగినచో మాత్రము పరీక్షా యంత్రముతో చూపింపక ఏమియు విప్పరాదు.

క్రాసు మార్పించువారు షాఫ్టు విప్పకముందు దానిపైనను, ఎదుటి పళ్లెముపైనను సుద్దతోగాక ఉలితో నొక గుర్తు పెట్టించవలెను. తిరిగి బిగించునపుడు ఆ గుర్తులు కలియవలెను. పొడుగు బండ్లలో నడిమి బేరింగు రబ్బరు చినిగినదేమో అప్పుడే చూపించుడు. గ్రీజు మొన యున్న కీలునకు నాలుగు మూతలనుండియు పాత గ్రీజు వెలికి వచ్చునంతవరకు క్రొత్తది ఎక్కింపవలెను. ఉప్పునీట తిరుగు బండ్లకు ఈ పని నెలకొకమాఱు చాలదు. ప్రతి పట్టుబడి తరువాతను చేయింపుడు.